ఆరాలక్క అంచనా

ఆసుపత్రికి కొత్తగా వచ్చినవాళ్ళు మొదట కూర్చునే గది ఇరుకుగా ఉండేది. రెండు కుర్చీలు, మూలలు గుండ్రంగా కోసిన ఒక బల్ల, తలుపుకు చిన్న అద్దం. నర్సు కుర్చీ ఎప్పుడూ తలుపు పక్కనే ఉండాలి. ఎదుటి మనిషి ఒక్కసారిగా లేచి మీదికొస్తే బయటపడడానికి ఆ ఏర్పాటు. బల్ల కింద గంట మీట ఉండేది. ఆ గదిలో పనిచేసే నర్సు దాన్ని నొక్కింది చాలా తక్కువ. గంట మోగితే ముగ్గురు నలుగురు అటెండెంట్లు పరుగెత్తుకొస్తారు. వాళ్ళను చూస్తే అప్పటిదాకా బెదిరి ఉన్న మనిషి కాస్తా పూర్తిగా చెదిరిపోతాడని ఆమె అనేది.

అక్కడ ఆమెను అందరూ ఆరాలక్క అనేవాళ్ళు. వచ్చినవాళ్ళ దగ్గర ఆరాలు తీయడమే ఆమె ఉద్యోగం. మనసు బాగాలేక తమంతట తాము వచ్చినవాళ్ళు, ఇంట్లోవాళ్ళు బతిమాలి తెచ్చినవాళ్ళు, పోలీసులు దింపిపోయినవాళ్ళు, ఎవరైనా సరే ముందు ఆమె ఎదుట కూర్చోవాలి. ఈ మనిషి ప్రాణానికి ఈ మనిషే ముప్పా, ఇతని వల్ల ఇంకొకరికి ముప్పా, లేక ఇంకొకరి వల్ల ఇతనికే ముప్పా అన్నది ఆమె తేల్చాలి. డాక్టరూ మందులూ మంచమూ ఆ తర్వాత.

ఆమె ఆరా తీస్తుంటే ఆరా తీస్తున్నట్టు ఉండేది కాదు. పక్కింటావిడ గోడ మీదినుంచి పలకరించినట్టు ఉండేది. ఒకసారి ఒకతను భార్యను లాక్కొచ్చాడు. పిచ్చెక్కి గిన్నెలు విసిరేస్తోందని, కట్టేసి ఉంచమని గోల చేశాడు. ఆరాలక్క అతణ్ణి టీ తాగి రమ్మని పంపించి, ఆ భార్యను, "గిన్నెలు విసిరే ముందు ఏమైందమ్మా?" అని ఒక్క మాట అడిగింది. ఆ మనిషి చీర కొంగు తీసి భుజం చూపించింది. ఆ రోజు ఆసుపత్రి నుంచి పోలీసులకు ఫోను వెళ్ళింది, భర్త గురించి.

కొత్తగా చేరిన నర్సులకు ఒక భయం ఉండేది. "చచ్చిపోవాలనిపిస్తోందా అని మొహం మీదే అడిగితే, లేని ఆలోచన మనమే పెట్టినట్టు కాదా మేడం?" అనేవాళ్ళు.

"ఆ ఆలోచన ఉన్నవాడైతే ఇన్నాళ్ళకు ఒకరు అడిగారని బరువు దించుకుంటాడు. లేనివాడైతే మనల్ని తిడతాడు. తిట్టించుకుంటే మన సొమ్మేం పోయింది?" అనేది ఆరాలక్క.

ఆమె పని బాగానే నడుస్తుండగా ఆసుపత్రి మీదికి ఒక చావు వచ్చింది. లోపల కాదు, బయట. రిటైరైన గుమస్తా ఒకాయన్ను ఇంటికి పంపవద్దని ఆమె చెప్పింది. మంచాలు ఖాళీ లేవని పంపేశారు. ఆ వారంలోనే ఆయన పోయాడు. విచారణ జరిగింది. ఎవరి మీదా చర్య తీసుకోలేదు, ఒక కాగితం మాత్రం పుట్టింది. దాన్ని అందరూ మార్కుల కాగితం అనేవాళ్ళు. ఇన్ని ప్రశ్నలు, ఒక్కో జవాబుకు ఇన్ని మార్కులు, కింద మొత్తం. మొత్తం తక్కువైతే అపాయం తక్కువ, ఇంటికి పంపవచ్చు. ఎక్కువైతే లోపల ఉంచాలి. తక్కువొస్తే పాసయ్యే పరీక్ష లోకంలో ఇదొక్కటేనని ఆరాలక్క నవ్వేది. నవ్వినా ఆ కాగితాన్ని జాగ్రత్తగానే నింపేది. అది ఉంటే కనీసం ఒక్క ప్రశ్న కూడా మరిచిపోకుండా ఉంటామని సర్దిచెప్పుకుంది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. తండ్రి వాళ్ళ చిన్నప్పుడే ఇల్లొదిలి పోయాడు. తల్లి లాండ్రీలో ఇస్త్రీ పనికి వెళ్ళేది. తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది అక్కే. ఆమె నర్సింగు చదివే రోజుల్లో పరీక్షకు ముందు ఇంట్లో సాధన చేయాలంటే దొరికిన రోగి కూడా వాడే. మంచం అంచున కూర్చుని ఒకరోజు కోపిష్టి వేషం వేసేవాడు, ఒకరోజు నోరు మెదపనివాడి వేషం.

"ఏమయ్యా, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?" అని ఆమె గంభీరంగా అడిగేది.

"నిద్ర నాకు పట్టదు డాక్టరమ్మా, నేనే దానికి దొరికిపోతుంటా."

"ఒరేయ్, సరిగ్గా చెప్పరా. రేపు పరీక్ష."

"సరే, ఏం చెబితే ఇంటికి పంపిస్తారో ముందు అది చెప్పు. అదే చెప్తా."

ఆమె చెప్పింది. ఏ మాట అనాలో, ఎంత మోతాదులో అనాలో, ఎక్కడ కాస్త తడబడాలో కూడా చెప్పింది. వాడు పాఠంలా అప్పజెప్పాడు. అక్కా తమ్ముళ్ళిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తల్లి ఇస్త్రీ బట్టల మూట దించుతూ, ఈ ఇంట్లో పిచ్చి ఎవరికో నాకర్థం కావట్లేదని తనూ నవ్వింది.

తమ్ముడు పెద్దయ్యాక కారు నడపడం నేర్పే బడి పెట్టుకున్నాడు. బడంటే ఒక అద్దె గది, ఒక కారు. ఆ కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గరే కాకుండా, పక్కన కూర్చునే ఇతని కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉండేది. పేటలో అందరూ మాస్టారు అని పిలిచేవాళ్ళు. కోపం తెలియని మనిషి. భయంతో స్టీరింగు చక్రం బిగించి పట్టుకున్నవాళ్ళతో, "కాస్త వదులుగా పట్టుకోండి, అదెక్కడికీ పారిపోదు," అనేవాడు. వీధి చివర ఇంకో డ్రైవింగు బడి ఉండేది. దాని యజమాని గొంతు పెద్దది, మాస్టారు అతనికి హారన్ అని పేరు పెట్టాడు. విద్యార్థులను లాక్కోవడం దగ్గర మొదలైన ఆ ఇద్దరి వైరం ఏళ్ళు గడిచినా చల్లారలేదు. ఎదురుపడితే ఒకరు రోడ్డు దాటి పోయేవాళ్ళు.

ఒక ఉదయం మాస్టారు కారు మలుపు తిరుగుతుండగా, కాలిబాట మీదినుంచి ఒక ముసలాయన చూసుకోకుండా దిగాడు. కారు నడుపుతున్న అమ్మాయి కొయ్యబారిపోయింది. మాస్టారి కాలు బ్రేకు మీద పడింది, కానీ కనురెప్పపాటు ఆలస్యంగా. ముసలాయన ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

కోర్టు ఎవరి తప్పూ కాదంది. ఆ మాట చెప్పడానికి ఆరాలక్క సంతోషంగా తమ్ముడి ఇంటికి వెళ్ళింది. అతను వరండాలో గోడకానుకుని కూర్చున్నాడు.

"ఎవరి తప్పూ కాకపోతే మనిషెలా పోయాడక్కా?" అన్నాడు.

అప్పటినుంచి అతనికి నిద్ర లేదు. తిండి సయించలేదు. పాఠాలు చెబుతూనే ఉన్నాడు కానీ, కారు పరుగందుకుంటే చాలు బ్రేకు తొక్కేసేవాడు. విద్యార్థులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. తన ఆసుపత్రికి రమ్మని అక్క చాలాసార్లు అడిగింది. "అక్కడందరూ నీకు తెలిసినవాళ్ళే. రేపు మీ క్యాంటీన్లో నా కథ చెప్పుకుంటారు," అని రానన్నాడు. వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళితే కొన్నాళ్ళు మందులు వాడాడు, తర్వాత మానేశాడు. ఆమె రోజూ డ్యూటీ దిగగానే అటు వెళ్ళి, కాసేపు కూర్చుని, తర్వాతే ఇంటికి వచ్చేది.

అలా చాలా నెలలు గడిచాక ఉన్నట్టుండి అతను తేరుకున్నాడు.

ఆ సంగతి చెప్పింది అతని భార్యే. ఫోనులో ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "వదినా, ఈయన మళ్ళీ మనిషయ్యారు! పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నారు. పాపను బడికి దింపొచ్చారు. తెలుసా, వెళ్ళి ఆ హారన్ తో చేతులు కలిపి, తన దగ్గర మిగిలిన విద్యార్థుల్ని ఆయనకే అప్పగించి వచ్చారట. మనసులో ఎవరిమీదా ఏం పెట్టుకోనన్నారు."

గడ్డం గీసుకోవడం, పాపను దింపడం బాగానే ఉన్నాయి. హారన్ తో చేతులు కలపడం మాత్రం ఆరాలక్కకు మింగుడుపడలేదు. నెలల తరబడి కుంగిన మనిషి ఒక్కరోజులో తేలికపడితే ఇంట్లోవాళ్ళు సంబరపడతారు. అలా సంబరపడినవాళ్ళు తర్వాత ఆమె గదిలో కూర్చుని, నిన్నటిదాకా నవ్వుతూనే ఉన్నాడమ్మా అని ఏడవడం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఏదో ఒకటి నిశ్చయమైపోయాక వచ్చే నెమ్మది కూడా ఒకటుంటుంది.

సాయంత్రం వెళ్ళేసరికి తమ్ముడు ఇంట్లో కుళాయి బాగుచేస్తున్నాడు. చేతులు తుడుచుకుని నవ్వుతూ వచ్చాడు. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు.

"వచ్చే వారం పాఠాలు ఎప్పుడెప్పుడు రా?" అంది మామూలుగా.

"వచ్చే వారం సంగతి వచ్చే వారం చూద్దాం."

"నిద్ర?"

"ఫరవాలేదక్కా." ఆగి, ఆమె అడగకముందే తర్వాతి జవాబు కూడా చెప్పాడు. ఆ తర్వాతిదీ చెప్పాడు. వరసలోనే, తడబడాల్సిన చోట కాస్త తడబడుతూ. చివర ఆమె కళ్ళలోకి చూసి, "ఎన్ని మార్కులొచ్చాయి?" అన్నాడు.

ఆమె నవ్వలేకపోయింది. "తమ్ముడూ, నిజం చెప్పు. నీ మనసులో ఏముంది?"

"నేను నీకు పేషెంటునా?"

"కాదు."

"అయితే వదిలెయ్. ఇన్నాళ్ళకు మా ఆవిడ నవ్వింది. చూళ్ళేదా?"

ఇంటికి వచ్చి భర్తతో చెప్పింది. ఆయన నీళ్ళ పంపుల దగ్గర ఆపరేటరు. ఏ విషయమైనా కాస్త ఆగి చూద్దామనే మనిషి. "నీకు అందరూ పేషెంట్ల లాగే కనిపిస్తారు. నేను నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. బాగుపడ్డాడంటే బాగుపడ్డాడనుకోరాదూ?" అన్నాడు.

"నా అంచనా తప్పయితే వాడి కాళ్ళు పట్టుకుంటాను. మీ అంచనా తప్పయితే పట్టుకోవడానికి వాడుండడు," అంది ఆమె.

మర్నాడు పొద్దున ఆమె తమ్ముడికి ఫోను చేసి, తన స్కూటరు చెడిపోయింది, డ్యూటీకి దింపమని అడిగింది. స్కూటరు బాగానే ఉంది. తమ్ముడు వచ్చాడు. దారిలో ఇద్దరూ చిన్నప్పటి కబుర్లేవో చెప్పుకున్నారు. ఆసుపత్రి గేటు దగ్గర ఆపితే, లోపలికొచ్చి టీ తాగి పొమ్మంది. అతను వాచీ చూసుకుని, సరే పద అన్నాడు. ఆమె గది తలుపు తీసేసరికి అందులో డ్యూటీ డాక్టరు కూర్చుని ఉన్నాడు. ఆమె ముందే మాట్లాడి పెట్టుకుంది.

తమ్ముడు గుమ్మంలోనే ఆగాడు. డాక్టరును చూశాడు, అక్కను చూశాడు. వెళ్ళి కూర్చున్నాడు. తలుపుకు దూరంగా ఉన్న కుర్చీలో.

రక్తసంబంధం ఉన్నవాళ్ళు ప్రశ్నలు వేయకూడదు కాబట్టి డాక్టరే వేశాడు. తమ్ముడు ఎంతో మర్యాదగా జవాబులిచ్చాడు. డాక్టరు మార్కులు కూడి, బయటికొచ్చి, నడవాలో నిలబడ్డ ఆరాలక్కతో, "తక్కువే వచ్చాయి. ఇంటికి పంపొచ్చు," అన్నాడు.

"ఆ జవాబులు నేను నేర్పినవే సార్."

"అంటే?"

"నేను చదువుకునేటప్పుడు వాడి మీదే సాధన చేశాను. ఏం చెబితే పంపిస్తారో వాడికి తెలుసు. మార్కులు పక్కన పెట్టండి. ఆగర్భ శత్రువుకు తన విద్యార్థుల్ని అప్పగించి వచ్చాడు. వచ్చే వారం ఊసెత్తితే మాట దాటేస్తున్నాడు. పంపొద్దు."

డాక్టరు చిన్నవాడు. గుమస్తా చావు మీద విచారణ జరిగినప్పుడు చెమటలు కక్కుతూ జవాబులు చెప్పినవాడు. ఆమె చెప్పింది నిజమా కాదా అని అతను ఆలోచించలేదు. రేపేదైనా జరిగితే, నర్సు చెప్పినా వినలేదనే మాట తన మీదికి వస్తుందని మాత్రం ఆలోచించాడు. తమ్ముడి ఇష్టంతో పని లేకుండా లోపల ఉంచడానికి సంతకం పెట్టేశాడు. ఆమె మాట నెగ్గింది. నెగ్గింది నమ్మకం వల్ల కాదని ఆమెకు అప్పుడే తెలుసు. ఎలా నెగ్గితేనేం, వాడు దక్కితే చాలనుకుంది.

విషయం చెప్పగానే తమ్ముడు లేచి నిలబడ్డాడు. "టీ తాగుదామన్నావు కదక్కా," అన్నాడు. గొంతు పెంచలేదు. తలుపు వైపు నడిచాడు. డాక్టరు బల్ల కింద మీట నొక్కాడు.

అటెండెంట్లు వచ్చి అతణ్ణి నడవాలోంచి తీసుకుపోయారు. మలుపు దాటేదాకా అతను వెనక్కి తిరిగి ఆమెనే చూస్తూ వెళ్ళాడు. ఆ తర్వాత తలుపు పడింది.

ఆరాలక్క ఆ తలుపులోంచి ఎన్ని వందల మందిని పంపిందో లెక్కలేదు. తను మాత్రం ఆ తలుపవతలికి వెళ్ళి ఏళ్ళయింది. ముందు గదికి మార్చినప్పటినుంచి వార్డుల వైపు వెళ్ళాల్సిన పనిపడలేదు. అప్పట్లో వార్డులో ఇద్దరు నర్సులుండేవాళ్ళు. పక్కన కూర్చుని మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు అంత వార్డుకూ ఒక్కరు. మిగతాదంతా అటెండెంట్ల చేతిలోనే. ఆమెకు అవన్నీ చెవిన పడుతూనే ఉండేవి. ఎవరికి వాళ్ళు తమ పని తాము చేసుకుపోవాలి కదా అనుకునేది.

నర్సే అయినా బంధువు కాబట్టి మొదటి కొన్ని రోజులు ఆమెను చూడనివ్వలేదు. చూడనిచ్చిన రోజు మరదలితో కలిసి వెళ్ళింది. కిటికీలకు జాలీ కొట్టిన గదిలో అతను ఒక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బెల్టు తీసేశారు, పంట్లాం జారకుండా ఒక చేత్తో పట్టుకున్నాడు. బూట్లకు లేసులు లేవు. కళ్ళద్దాలు కూడా తీసుకున్నారు, అందుకని వాళ్ళెవరో పోల్చుకోవడానికి కళ్ళు చికిలించాడు. ఎడమ చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది.

"ఏమండీ, చెయ్యేమైంది?" అని మరదలు అరిచినంత పని చేసింది.

"బాత్రూంలో జారిపడ్డానట," అన్నాడు.

"పడ్డానట ఏమిటి?"

"అలాగని రాసుకున్నారు." అతను అక్క వైపు తిరిగాడు. "బాగా చూసుకుంటున్నారక్కా. కంటికి రెప్పలా. పడుకుంటే మొహం మీద లైటు వేసి మరీ చూస్తున్నారు. ఇంక నాకేం అపాయం లేదు."

సంగతి తర్వాత తెలిసింది. మొదటి రోజు అతను కళ్ళద్దాలు ఇవ్వనన్నాడు. ముగ్గురు పట్టుకున్నారు. ఒకడు చెయ్యి వెనక్కి విరిచి మోకాలితో అదిమాడు. భుజం కీలు తప్పింది. ఎముకల డాక్టరు దగ్గరికి పంపడానికి చాలా ఆలస్యం చేశారు. ఎవరూ పగతో చేసింది కాదు. ఒకడు ఎదురు తిరిగితే పది మంది తిరుగుతారని వాళ్ళకు నేర్పిన పద్ధతే అది.

ఆసుపత్రి మెట్లు దిగుతూ మరదలు ఆగింది. గౌరవం కొద్దీ ఏనాడూ ఆరాలక్క ఎదుట కూర్చోనైనా కూర్చోని మనిషి. "మా ఆయన్ని కాపాడారా వదినా, పాడుచేశారా?" అని అడిగి, జవాబు కోసం నిలబడకుండా, మెట్ల కింద కూర్చోబెట్టి వచ్చిన కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

కొన్ని వారాలకు అతణ్ణి ఇంటికి పంపారు. మందులు పనిచేశాయని కాగితాల్లో ఉంది. పనిచేసే ఉండవచ్చు. అతను నిద్రపోయేవాడు, తినేవాడు. చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేచేది కాదు, వేళ్ళకు పట్టు లేదు. పైగా లైసెన్సుల ఆఫీసువాళ్ళకు అతను ఎక్కడ ఉండి వచ్చాడో తెలిసింది. మనసు బాగాలేక ఆసుపత్రిలో ఉన్న మనిషి ఇంకొకరికి కారు నేర్పడం ప్రజలకు ప్రమాదమని అనుమతి రద్దు చేశారు. ముసలాయన పోయినప్పుడు కూడా ఆ అనుమతి రద్దు కాలేదు. అతని కారును ఆ హారనే కొనుక్కున్నాడు. పేటలో చాలామంది మాస్టారు అనడం మానేశారు. ఏమని పిలవాలో తెలియక, పిలవడమే మానేశారు.

ఆరాలక్క ఫిర్యాదు పెట్టింది. సూపరింటెండెంటు ఆమెను కూర్చోబెట్టి, ఎంతో శాంతంగా మాట్లాడాడు. "లోపల పెట్టమన్నది మీరే. పెట్టినందుకు ఫిర్యాదూ మీరేనా? మీ తమ్ముడు బతికే ఉన్నాడు కదమ్మా. మన పని అదే కదా," అన్నాడు. విచారణ జరిగింది. రోగి ఉద్రేకం వల్ల గాయమైందని తేల్చారు. చెయ్యి విరిచినవాణ్ణి ఇంకో వార్డుకు మార్చారు, అక్కడ వాడు అటెండెంట్లకు మేస్త్రీ అయ్యాడు.

ఆ తర్వాత ఆమె పని పద్ధతి మారింది. ఎవరినైనా లోపలికి పంపాల్సి వస్తే ఆమె వెనకాడేది. ఇంట్లో ఉంటే ఏం ముప్పో చూసినట్టే, లోపలికి వెళితే ఏం ముప్పో కూడా చూడాలని డాక్టర్లతో వాదించేది. ఈ మనిషిని ముట్టుకుంటే బెదురుతాడు, పట్టుకోవద్దు అని మార్కుల కాగితం అంచున రాసేది. ఇంటికి వెళ్ళేవాళ్ళను గేటు దగ్గర ఆపి, "లోపల నిన్నెవరైనా ఏమైనా చేశారా?" అని అడిగేది. చాలామంది తల దించుకునేవాళ్ళు. కొందరు చెప్పేవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు పైకి రాసి పంపేది. అటెండెంట్లు ఆమెతో మాట్లాడడం మానేశారు. ఆరాలక్క ఇప్పుడు మన ఆరాలు తీస్తోందని నర్సులు కూడా దూరం జరిగారు. చివరికి ఆమెను దుప్పట్లు, దిండు గలీబులు ఉండే స్టోరుకు మార్చారు. ఆమె కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఒక కొత్త అమ్మాయి కూర్చుంటోంది. కాగితం చకచకా నింపుతుందని ఆ అమ్మాయికి మంచి పేరు.

తమ్ముడు అక్కతో మాట్లాడలేదు. ఆమె వాళ్ళింటికి వెళితే లోపలి గదిలోకి వెళ్ళి పడుకునేవాడు. భర్త ఒకసారి బతిమాలడానికి వెళితే, "మీరు రండి బావా, ఎప్పుడైనా రండి. ఆవిడ సంగతి మాత్రం ఎత్తకండి," అన్నాడట. మేనకోడలు మాత్రం చాటుగా ఫోను చేసేది. నాన్న సామాన్ల గోడౌను దగ్గర గేటు మనిషిగా చేరాడని చెప్పింది ఆ పిల్లే.

ఆరాలక్కను లోపల తొలిచేది అతని కోపం కాదు. తన అంచనా నిజమా అన్న ప్రశ్న. ఆ రోజు ఆమె ఊరుకుని ఉంటే వాడు పోయేవాడా? లేక హారన్ తో నిజంగానే రాజీపడి, కుళాయి బాగుచేసుకుని, మెల్లగా మళ్ళీ పాఠాలు మొదలుపెట్టేవాడా? గుమస్తా విషయంలో ఆమె చెప్పింది నిజమని ఆయన చావు తేల్చింది. తమ్ముడు బతికి ఉన్నాడు కాబట్టి ఏదీ తేలదు. జరిగినదానికైతే విచారణలుంటాయి. జరగకుండా ఆగినదానికి సాక్షి ఉంటే గింటే వాడొక్కడే.

ఒక మధ్యాహ్నం ఆమె సెలవు పెట్టి గోడౌను దగ్గరికి వెళ్ళింది. పొడవాటి రేకుల షెడ్డు, ముందు ఇనుప గేటు, దాని పక్కన ఎండకు రంగు వెలిసిన ప్లాస్టిక్ కుర్చీ. తమ్ముడు అందులో కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది, ఒళ్ళు వచ్చింది. ఆమెను చూసి లేవలేదు, పొమ్మని కూడా అనలేదు. వెళ్ళిపోవడానికి లోపలి గది లేదక్కడ.

"బాగున్నావా?" అంది.

"ఉన్నాను. అదే కదా నీక్కావలసింది."

ఆమె ఎండలోనే నిలబడింది. క్షమించమని అడగడానికి వచ్చింది కాదు. అది చాలాసార్లు మేనకోడలితో చెప్పి పంపింది. "ఒక్కటి అడిగి పోతాను. నువ్వు తిట్టినా సరే. ఆ వారం నువ్వు… నిజంగా అనుకున్నావా? నేను పొరబడ్డానా?"

అతను పనిచేసే చేత్తో పనిచేయని చేతిని ఒళ్ళోకి సర్దుకున్నాడు.

"అనుకున్నానంటే ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. తెలుసుకుంటాను."

"అంటే నువ్వు చేసింది రైటేనని హాయిగా నిద్రపోతావు. కాదంటే తప్పు చేశానని ఏడ్చి, అది కూడా తీర్చేసుకుంటావు." అతని గొంతులో కోపం లేదు. చక్రం గట్టిగా పట్టుకున్నవాళ్ళతో మాట్లాడినప్పటి నెమ్మదే ఉంది. "చెప్పనక్కా. ఎప్పటికీ చెప్పను. బెల్టు తీసుకున్నారు, అద్దాలు తీసుకున్నారు, కారు పోయింది, చెయ్యి పోయింది. నా మనసులో ఆ రోజు ఏముందో అదొక్కటే ఎవరూ తీసుకోలేకపోయారు. అది నాది."

"నేను నీ అక్కనురా."

"అక్కవే. టీ తాగి పొమ్మన్నావు."

ఇన్నేళ్ళూ ఎంతమంది చేత ఎన్నెన్ని చెప్పించిందో, ఆమెకు ఆ ఒడుపు ఒక్కటీ గుర్తు రాలేదు. సామాన్లతో నిండిన లారీ ఒకటి మలుపు తిరిగి గేటు ముందుకొచ్చి హారన్ మోగించింది. తమ్ముడు కుర్చీ పట్టుకుని లేచాడు.

"అడ్డం లే, లారీ వస్తోంది," అన్నాడు.

ఆమె గోడ వారకు జరిగింది. అతను కుడిచేత్తో గడియ తీసి, భుజంతో గేటును తోశాడు. లారీ దుమ్ము లేపుకుంటూ లోపలికి వెళ్ళింది. అతను కూడా దాని వెనకే లోపలికి నడిచి, గేటు దగ్గరికి లాక్కున్నాడు. ఆమె కాసేపు నిలబడి, బస్సు ఆగే చోటు ఎటో ఎదురొచ్చిన మనిషిని అడిగి, అటు నడిచింది.